తైవాన్ స్ప్రేయర్ కాయిల్ పోతే: కంపెనీది వేయాలా, బయటిది చాలా?

మిరపకు ఏ మందు కొట్టాలి, మామిడి పూతకు ఏది కొట్టాలి అని అడిగే రైతుల్లో చాలామంది చివర్లో ఇంకో మాట కూడా అడుగుతున్నారు. "సార్, స్ప్రేయర్ కాయిల్ పోయిందంట. కంపెనీది మూడింతలు చెప్తున్నారు, బయటిది వేయించుకోమంటారా?" ఇది మెకానిక్ చెప్పాల్సిన విషయమే కదా అనిపించవచ్చు. కానీ మందు ఎంత మంచిదైనా యంత్రం నడిస్తేనే చేనుకు చేరుతుంది. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూత మీద పడినప్పుడు రెండు రోజులు ఆలస్యమైన చేనుకూ, వేళకు కొట్టిన చేనుకూ తేడా ఎంతో గంపలగూడెం, తిరువూరు మండలాల రైతులకు వేరే చెప్పనక్కరలేదు. మామిడిలో తేనెమంచు పురుగు అయినా అంతే. పూత మొదలైనప్పుడు కొట్టాల్సిన మందు పూత మాడిపోయాక కొట్టి లాభం లేదు.

అందుకే ఈ కాయిల్ సంగతి కొంచెం వివరంగా చూద్దాం.

ముందుగా ఒక మాట. కాయిల్ అనేది పెట్రోల్‌తో నడిచే ఇంజన్లకే ఉంటుంది. అంటే వీపున వేసుకునే తైవాన్ స్ప్రేయర్, బ్రష్ కట్టర్, చిన్న పవర్ వీడర్, పెట్రోల్ నీటి పంపు, తోటల్లో వాడే పెద్ద పవర్ స్ప్రేయర్ ఇంజను, మోపెడ్, మోటారు సైకిల్. డీజిల్ ఇంజనుకు కాయిల్ గానీ ప్లగ్గు గానీ ఉండవు. అందులో గాలిని బాగా నొక్కడం వల్ల పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. కాబట్టి మీ డీజిల్ పంపుసెట్టుకో ట్రాక్టరుకో ఎవరైనా ఈ కాయిల్ పోయిందంటే ఇంకో మెకానిక్‌ను చూసుకోండి. బ్యాటరీ స్ప్రేయర్లకూ ఈ గొడవ లేదు.

కాయిల్ చేసే పని

తాడు లాగినప్పుడు తిరిగే చక్రాన్ని మన మెకానిక్‌లు మాగ్నెట్ అంటారు. దాని అంచులో ఒక అయస్కాంతం ఉంటుంది. అది కాయిల్ పక్క నుంచి వెళ్లిన ప్రతిసారీ కాయిల్‌లోని లావు రాగి తీగలో కొద్దిపాటి కరెంటు పుడుతుంది. లోపల ఉన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఆ కరెంటును సరైన క్షణంలో టక్కున తెంపుతుంది. అలా తెంపగానే వేల చుట్లున్న సన్న తీగలో పది వేల వోల్టులకు పైగా పుట్టి, ప్లగ్గు కొనల మధ్య నిప్పు రవ్వగా దూకుతుంది.

ఇందులో రెండు విషయాలు గుర్తు పెట్టుకోవాలి. ఒకటి, అంత వోల్టేజీని లోపలే బంధించి ఉంచాలంటే సన్న తీగ మీద పూత, చుట్టూ పోసిన జిగురు దిమ్మ నాణ్యంగా ఉండాలి. రెండోది, ఆ సరైన క్షణం ఒక్కో ఇంజనుకు ఒక్కో విధంగా ఉంటుంది. చూడడానికి ఒకేలా ఉండి, అవే బోల్టులకు సరిపోయే రెండు కాయిల్స్ వేర్వేరు క్షణాల్లో నిప్పు ఇవ్వవచ్చు. బయటి కాయిల్స్‌తో వచ్చే ఇబ్బందులు ఎక్కువగా ఈ రెండింటిలోనే ఉంటాయి.

అసలు పోయింది కాయిలేనా?

కంపెనీదా బయటిదా అనే ప్రశ్న కంటే ఇదే ముఖ్యమని నా అభిప్రాయం. బాగున్న కాయిల్ తీసేసి కొత్తది వేసుకున్న యంత్రాలు తక్కువేమీ లేవు. కొత్త కాయిల్ వేశాక కూడా ఇంజను అందుకోకపోతే "బయటిది కదా, అందుకే" అని నింద దాని మీద వేస్తారు.

వరుసగా ఇలా చూడండి. మొదట కొత్త ప్లగ్గు వేసి చూడండి, అన్నింటికంటే తక్కువ ఖర్చు అదే. ప్లగ్గు తీసి, క్యాపు తగిలించి, ప్లగ్గు లోహపు భాగం ఇంజను ఇనుముకు గట్టిగా ఆనేలా పెట్టి, తాడు వేగంగా లాగండి. ప్లగ్గు బిగించే రంధ్రాన్ని గుడ్డతో మూసి, రవ్వ దానికి దూరంగా పడేలా చూసుకోండి. ఆ రంధ్రం నుంచి పెట్రోల్ ఆవిరి వస్తుంది, రవ్వ తగిలితే అంటుకుంటుంది. ప్లగ్గును చేత్తో పట్టుకోవద్దు. ప్లగ్గు తగిలించకుండా క్యాపును గాలిలో వదిలేసి తాడు లాగడం కూడా మంచిది కాదు. పుట్టిన కరెంటుకు బయటికి దారి లేక కాయిల్ లోపలే దూకి, బాగున్నది కూడా చెడిపోవచ్చు. నీలి రంగులో చిటపటమనే రవ్వ వస్తే కాయిల్ బాగున్నట్టే. పసుపు రంగులో సన్నగా, అప్పుడప్పుడు వస్తుంటే అనుమానించాలి.

రవ్వ అసలు రాకపోయినా తొందరపడవద్దు. ఇంజను ఆపే స్విచ్ నుంచి కాయిల్‌కు ఒక సన్న వైరు వెళ్తుంది. స్విచ్ నొక్కితే ఆ వైరు ఇనుముకు తగిలి నిప్పు ఆగిపోతుంది. తైవాన్ స్ప్రేయర్లలో ఈ వైరు ఒరుసుకుని తోలు ఊడిపోవడం, స్విచ్‌లోకి మందు నీళ్లు దిగి తుప్పు పట్టడం చాలా మామూలు. ఆ వైరును కాయిల్ దగ్గర ఊడదీసి మళ్లీ తాడు లాగండి. ఇప్పుడు రవ్వ వచ్చిందంటే పోయింది స్విచ్చో వైరో, కాయిల్ కాదు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లలో ఇంకొకటి ఉంది. హోండా జీఎక్స్ రకం ఇంజన్లలో చాలా వాటికి ఆయిల్ తగ్గితే తనంతట తానే నిప్పు ఆపేసే ఏర్పాటు ఉంటుంది. పంపును వాలుగా ఉన్న గట్టు మీద పెట్టినా అది ఆపేస్తుంది. ముందు సమంగా ఉన్న నేల మీద పెట్టి ఆయిల్ చూడండి.

ఇక చాలామందిని తికమక పెట్టే లక్షణం ఒకటుంది. పొద్దున చక్కగా అందుకుంటుంది, ఇరవై నిమిషాలు నడిచాక ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ అందుకుంటుంది. కాయిల్ పాడైతే కనిపించే లక్షణం ఇదే, నిజమే. వేడికి లోపలి తీగ సాగి తెగినచోట విడిపోతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. కానీ పెట్రోల్ ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుపోయినా సరిగ్గా ఇలాగే జరుగుతుంది. గాలి లోపలికి వెళ్లక పెట్రోల్ కిందికి దిగడం ఆగిపోతుంది, కాసేపు ఆగాక మళ్లీ దిగుతుంది. దుమ్ములో, మందులో తిరిగే స్ప్రేయర్లకు ఆ రంధ్రం మూసుకుపోవడం ఎంతసేపు? అందుకని ఇంజను ఆగిన వెంటనే యంత్రాన్ని నేల మీద పెట్టి మూత కొంచెం వదులు చేసి లాగండి. అందుకుంటే మూత శుభ్రం చేసుకుంటే చాలు. అందుకోకపోతే అప్పటికప్పుడే, వేడి మీదే, పైన చెప్పిన రవ్వ పరీక్ష చేయండి. చల్లారాక చేస్తే రవ్వ వస్తుంది, కాయిల్ బాగుందనుకుంటారు.

సీజను తర్వాత ట్యాంకులో పెట్రోల్ అలాగే ఉంచేసి, ఆరు నెలల తర్వాత తీసి అందుకోవడం లేదంటే మాత్రం కార్బరేటర్ వైపు చూడండి. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది, అది తేమను పీల్చుకుంటుంది. కార్బరేటర్ జెట్లను నోటితో ఊదే అలవాటు ఉన్నవాళ్లు దయచేసి మానుకోండి. పురుగుమందు కొట్టిన యంత్రం మీద ఎక్కడ నోరు పెట్టినా ప్రమాదమే.

చివరగా కాయిల్ ముఖాన్ని, మాగ్నెట్ అంచును చూడండి. రెండూ ఒరుసుకున్న గీతలు ఉంటే బేరింగు అరిగి మాగ్నెట్ ఊగుతోందన్నమాట. అప్పుడు కంపెనీ కాయిల్ వేసినా నాలుగు రోజుల్లో పోతుంది, ముందు బేరింగు మార్చాలి. రవ్వ బాగా వస్తున్నా ఇంజను వెనక్కి తన్నుతూ, ఫట్ ఫట్ మంటూ అందుకోకపోతే మాగ్నెట్ కింద ఉండే చిన్న కీ తెగిందేమో చూపించండి. ఎలుకలు కొరికిన ప్లగ్గు వైరు సంగతి చెప్పనే అక్కరలేదు.

"బయటిది" అంటే ఒకటి కాదు

కాయిలే పోయిందని తేలింది. ఇప్పుడు కొట్టుకు వెళ్తే మీ ముందుకు వచ్చేవి రెండు రకాలు కావు, నాలుగు రకాలు.

మొదటిది యంత్రం కంపెనీ తన పెట్టెలో, తన పార్టు నంబరుతో అమ్మేది. రెండోది పేరున్న విడిభాగాల తయారీదారు సొంత పేరుతో అమ్మేది. వాహన కంపెనీలు కాయిల్స్‌ను చాలావరకు సొంతంగా తయారు చేసుకోవు, ఎలక్ట్రికల్ సామాను చేసే కంపెనీల దగ్గర కొంటాయి. అదే తయారీదారు తన పేరుతో బజారులో అమ్మితే ధర తగ్గుతుంది, నాణ్యత పెద్దగా తగ్గదు. మోటారు సైకిళ్ల సామానులో ఈ రకం సులువుగా దొరుకుతుంది, స్ప్రేయర్ సామానులో తక్కువ. మూడోది పేరూ ఊరూ లేని ప్లాస్టిక్ కవరులో వచ్చేది. ఇందులో కొన్ని బాగానే నడుస్తాయి, కొన్ని పది ట్యాంకులు కొట్టేసరికి పోతాయి. ఒకే పెట్టెలోంచి తీసిన రెండు కాయిల్స్ కూడా ఒకేలా ఉంటాయన్న నమ్మకం లేదు. దీని అసలు లోపం అదే.

నాలుగోది అన్నింటికంటే చెడ్డది. మూడో రకం సామానునే కంపెనీ పెట్టెలాంటి పెట్టెలో పెట్టి కంపెనీ ధరకు అమ్మడం. లోకల్ అని చెప్పి లోకల్ అమ్మేవాడు మోసగాడు కాదు, మీరు తెలిసే కొంటున్నారు. ఇక్కడ మాత్రం డబ్బూ పోతుంది, సీజనూ పోతుంది. అక్షరాల ముద్ర మసకగా ఉండడం, పేరులో ఒక అక్షరం తేడా, పెట్టె మీద నంబరు ఒకటి, కాయిల్ మీద ఇంకొకటి ఉండడం, తయారైన నెల, సంవత్సరం, తయారీదారు చిరునామా, గరిష్ఠ చిల్లర ధర లేకపోవడం చూస్తే వెనక్కి ఇచ్చేయండి. ప్యాక్ చేసిన సామాను మీద ఈ వివరాలు ఉండి తీరాలని తూనికలు కొలతల చట్టం నియమాలు చెబుతున్నాయి. దిగుమతి సరుకైతే ఏ దేశానిదో కూడా ఉండాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన దగ్గర రకరకాల పేర్లతో అమ్మే తైవాన్ స్ప్రేయర్లలో, బ్రష్ కట్టర్లలో చాలా వాటి ఇంజను లోపల ఒకే నమూనా. దిగుమతి చేసుకున్న ఇంజను మీద ఎవరి స్టిక్కరు వారు వేసుకుంటారు. అలాంటి యంత్రానికి "కంపెనీ కాయిల్" అని మూడింతలు పెట్టి కొంటే మీరు కొన్నది ఎక్కువగా ఆ పెట్టెనే. హోండా, స్టిల్ లాంటి సొంత ఇంజను తయారు చేసే కంపెనీలకు మాత్రం ఈ మాట వర్తించదు. వాటి కాయిల్‌ను ఆ ఇంజను కోసమే, ఆ క్షణానికే అమర్చి చేస్తారు. కొన్ని బ్రష్ కట్టర్ల కాయిల్‌లో ఇంజను మితిమీరిన వేగం అందుకోకుండా ఆపే ఏర్పాటు కూడా ఉంటుంది. అది లేని కాయిల్ వేస్తే ఇంజను హుషారుగా నడుస్తున్నట్టే ఉంటుంది, కానీ పిస్టన్, బేరింగులు తొందరగా అరుగుతాయి. నిప్పు ముందుగా పడే కాయిల్ అయితే తాడు చేతిలోంచి వెనక్కి లాక్కుంటుంది, ఇంజను త్వరగా వేడెక్కుతుంది.

మీ యంత్రానికి ఏది?

గ్యారంటీ గడువులో ఉన్న యంత్రమైతే ఆలోచన వద్దు, కంపెనీ సర్వీసుకే ఇవ్వండి. బయటి భాగం వేస్తే రేపు పిస్టన్ పోయినా ఆ కాయిల్‌నే సాకుగా చూపిస్తారు. సబ్సిడీ మీద వచ్చిన యంత్రాల గురించి కూడా ఒక మాట. అవి అనంతపురం జిల్లా గార్లదిన్నె లాంటి పరీక్షా కేంద్రాల్లో పరీక్షకు నిలబడ్డవే కావచ్చు. కానీ పరీక్ష జరిగింది ఆ యంత్రానికి, తర్వాత మనం వేసిన విడిభాగానికి కాదు.

సొంత ఇంజను ఉన్న మంచి కంపెనీ యంత్రం, సీజనులో రోజూ నడిచేది అయితే కంపెనీ కాయిలే వేయండి. లెక్క చూద్దాం. లోకల్ కాయిల్ 300 రూపాయలు, కంపెనీది 900 అనుకుందాం. తేడా 600. మామిడి తోటలో 200 లీటర్ల డ్రమ్ములో మందు కలిపాక ఇంజను ఆగిపోయిందనుకోండి. వచ్చిన కూలీలకు ఆ పూట కూలి ఇవ్వాల్సిందే. కలిపిన మందును మర్నాటికి ఉంచకూడదు, దాని పనితనం తగ్గుతుంది. తిరువూరు వెళ్లి కాయిల్ దొరక్కపోతే విజయవాడ ఆటోనగరో ఖమ్మమో వెళ్లి రావాలి. ఆ 600 మొదటి గంటలోనే పోతుంది. అందుకే కాయిల్ ధరను కాయిల్ ధరతో కాకుండా ఒక్కరోజు ఆగిపోతే అయ్యే ఖర్చుతో పోల్చుకోవాలి.

అదే, ఏడాదికి నాలుగు రోజులు కాలువ నీళ్లు తోడుకునే పాత పెట్రోల్ పంపు అయితే లెక్క మారుతుంది. యంత్రం విలువే తక్కువ, ఆగినా ఆ రోజుకు పక్కవాళ్ల పంపు దొరుకుతుంది. అక్కడ పేరున్న బయటి కాయిల్ చాలు. అదీ దొరక్కపోతే లోకల్‌ది వేసి చూసినా నష్టం పెద్దగా ఉండదు. స్టిక్కరు మారిన దిగుమతి ఇంజను స్ప్రేయర్లకు నేను చెప్పేదేమిటంటే, పాత కాయిల్ చేతిలో పట్టుకుని వెళ్లి అచ్చం అలాంటిదే, తయారీదారు పేరున్నది తెచ్చుకోండి. వీలైతే రెండు తెచ్చుకోండి. ఒకటి వేసి, బాగుందని తేలాక రెండోది కూడా ఒక గంట నడిపి చూసి డబ్బాలో దాచుకోండి. నడిపి చూడకుండా దాచిన కాయిల్ అవసరానికి పనిచేస్తుందన్న నమ్మకం ఏమిటి?

మోపెడ్, మోటారు సైకిల్ విషయానికొస్తే, కార్బరేటర్ ఉన్న పాత బండ్లకు పేరున్న బయటి కాయిల్ నిశ్చింతగా వేసుకోవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో చాలా వాటికి పెట్రోల్‌నూ నిప్పునూ ఒకే కంప్యూటర్ పెట్టె నడుపుతుంది. వాటిలో సరిపోని కాయిల్ వేస్తే ఆ పెట్టెకే చేటు రావచ్చు, దాని ఖరీదు కాయిల్ కంటే ఎన్నో రెట్లు. అక్కడ కంపెనీదే మేలు.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

ఎలక్ట్రికల్ సామాను వెనక్కి తీసుకోము అని చాలా కొట్లలో బోర్డు ఉంటుంది. కాబట్టి వీలైతే యంత్రాన్నే కొట్టు దగ్గరకు తీసుకెళ్లి, అక్కడే బిగించి, కనీసం అరగంట నడిపించండి. చల్లగా ఉన్నప్పుడు నడవడం పరీక్ష కాదు. నిప్పు బలం తెలియాలంటే ఇంజను బాగా వేడెక్కాక ఆపి, వెంటనే మళ్లీ లాగి చూడాలి. బిల్లు అడగండి. అందులో "కాయిల్ 1" అని కాకుండా తయారీదారు పేరు, పార్టు నంబరు రాయించుకోండి.

కాయిల్‌కూ మాగ్నెట్‌కూ మధ్య ఖాళీ సరిగ్గా లేకపోతే ఎంత మంచి కాయిల్ అయినా నిప్పు బలహీనంగా ఇస్తుంది. చాలా చిన్న ఇంజన్లకు ఇది 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు. మీ యంత్రం పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించాలి. ఫీలర్ గేజీ లేని మెకానిక్‌లు విజిటింగ్ కార్డు పెట్టి బిగిస్తారు. మామూలు కార్డు మందం దాదాపు 0.3 మిల్లీమీటర్లే కాబట్టి ఆ పద్ధతి తప్పేమీ కాదు. కార్డును మధ్యలో పెట్టి, అయస్కాంతం కాయిల్‌కు ఎదురుగా వచ్చేలా తిప్పి, అది కాయిల్‌ను లాగి పట్టుకున్నాక బోల్టులు బిగించి కార్డు లాగేయాలి. అంతకుముందే మాగ్నెట్ ముఖం మీద, కాయిల్ బిగించే చోట తుప్పును ఎమరీ కాగితంతో తీసేయాలి. అక్కడ ఎర్త్ సరిగా అందకపోయినా రవ్వ రాదు.

ప్లగ్గు కూడా పుస్తకంలో చెప్పిన నంబరుదే వేయండి. హోండా జీఎక్స్160 ఇంజనుకు బీపీఆర్6ఈఎస్ ప్లగ్గు, కొనల మధ్య 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్ల ఖాళీ. ఇందులో ఆర్ అనే అక్షరం లోపల రెసిస్టర్ ఉందని చెబుతుంది, ఎలక్ట్రానిక్ కాయిల్స్‌కు అది ఉండాలి. కొనల మధ్య ఖాళీ ఎక్కువైతే రవ్వ దూకడానికి కాయిల్ మీద భారం పెరుగుతుంది. అరిగిపోయిన ప్లగ్గుతోనే ఏళ్ల తరబడి నడిపితే కాయిల్ తొందరగా పోవడానికి ఇదొక కారణం. మందు కొట్టాక స్ప్రేయర్‌ను కడిగేటప్పుడు మోటారు నీళ్ల ధారను ఇంజను వైపు పెట్టకండి, తడి గుడ్డతో తుడిస్తే చాలు.

కంపెనీ పేరుతో నకిలీది అంటగట్టారని తేలితే ముందు బిల్లుతో కొట్టు దగ్గరికే వెళ్లండి. చాలావరకు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులో చెప్పవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. బిల్లు, పెట్టె, పాడైన కాయిల్ మూడూ మీ దగ్గరే ఉండాలి, మెకానిక్ దగ్గర వదిలేసి రావద్దు.